తాడు మీద రెండో చెయ్యి

మీతో ఒక మాట ముందే ఒప్పేసుకోవాలి. ఈ సీరియల్‌కి దుష్టపాత్ర కావాలి కదా అని వెంకటశేషమ్మగారిని పెట్టుకున్నాను. చేతిలో ఇత్తడి గంట, నడుముకి తాళాలగుత్తి, నవ్వితే ఎవరైనా జరిమానా వేస్తారేమో అన్నట్టుండే మొహం. ఇంకేం కావాలి? తీరా చూస్తే నాలుగు వారాలుగా ఆమె నేను నెట్టిన వైపు పోవడం లేదు. నేను చదివింది పాలిటెక్నిక్కు. ముందు ప్లాను గీసుకుని, ఆ తర్వాతే గోడ లేపమని నేర్పారు. ఈమె గోడ కాదని ఆలస్యంగా అర్థమైంది. అందుకే ఈ వారం ప్లాను పక్కన పడేసి ఆమె వెనకాలే నడిచాను.

పత్రిక ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్ళకి చెప్పాలి. నెల్లూరులో ఆడపిల్లల అనాథాశ్రమానికి వెంకటశేషమ్మ పెద్ద. గొడ్లసావిడిలో ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టి అంత చేసింది ఆమే. పిల్లలకీ, పనివాళ్ళకీ, ఆఖరికి పాలమనిషికీ కూడా ఆమె ‘పెద్దమ్మగారు’. పోయిన కార్తీకంలో వచ్చిన గాలివానకి ఆశ్రమం పైకప్పు లేచిపోతే, కుట్టుపని నేర్పే ఆమినాబీ ఒక ఉపాయం చెప్పింది. “ఇంకో కొట్టంలోకి తోలేదానికన్నా పిల్లల్ని ఇళ్ళల్లో పెడదాం పెద్దమ్మగారూ. ఇంటికొక బిడ్డ. మా ఇంటికైతే ఇద్దరు.” అలా పిల్లలు మనుబోలు రైతుల ఇళ్ళకీ, కోటమిట్ట సాయిబుల ఇళ్ళకీ, మైపాడు పక్కన చేపలుపట్టేవాళ్ళ పట్టపుపాలేనికీ సర్దుకున్నారు.

ఇప్పుడు కొత్త పైకప్పు వేశారు. ఎల్లుండి మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తారు. తెల్లగౌన్లలో పిల్లలంతా వరసగా నిలబడాలని కమిటీ కార్యదర్శి పద్మనాభయ్య పట్టు. అందరూ తిరిగొచ్చేశారు, పట్టపుపాలెంలో ఉన్న చెంగమ్మ తప్ప. ఆ పిల్లను ఉంచుకున్న పెంచలమ్మ, పిలుచుకురమ్మని పంపిన మనిషిని రెండుసార్లు ఉత్తచేతులతో తిప్పి పంపింది. దానికి పద్మనాభయ్య కమిటీలో నవ్వుతూ అన్నాడు: “పోనీ వెంకటశేషమ్మా, మన ఆశ్రమం కన్నా ఆ గుడిసే మేలని రేపు సాయంత్రం మీటింగులో నీ నోటితో చెప్పు. పిల్లను అక్కడే ఒదిలేద్దాం.” అందరూ నవ్వారు. వెంకటశేషమ్మ కూడా నవ్వింది.

ఆ ‘రేపు’ ఇవాళే.

* * *

బ్లాకాఫీసు నుంచి అడిగి తెచ్చుకున్న జీపు ఉప్పుకాలువ వంతెన దాటి ఇసుకలోకి దిగగానే మొరాయించింది.

“రోడ్డు కనపడకపోతే దీనికి కోపం పెద్దమ్మగారూ, గవర్నమెంటు జీపు గదా,” అన్నాడు డ్రైవరు సైదావలి.

“నేను నడిచి పోతాలే. నువ్విక్కడే ఉండు. పిల్లను తీసుకుని వచ్చేస్తా.”

“ఒక్కమాట. ఆ పాప ఏడిస్తే నన్ను మాత్రం పిలవబాకండి. మనుబోలు పిల్లల్ని జీపెక్కించిన రోజు ఇంటికిపోయి నేను అన్నం తినలా. మా బీబీ నాకు జరమొచ్చిందనుకునింది.”

“ఏడుపు రెండు రోజులుంటుంది సైదావలీ. గంటకి అలవాటుపడితే అదే పోతుంది.” ఈ మాట ఆమె ఎన్నిసార్లు అని ఉంటుందో. అనేసి, ఎడమచెవి తమ్మె ఒకసారి తడుముకుంది. తన మాట మీద తనకే నమ్మకం కుదరనప్పుడు ఆమె చెయ్యి చెవి మీదికి పోతుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. జీపు అద్దంలో చూస్తూ ఉంటాడు కాబట్టి సైదావలికి తెలుసు.

“కార్యదర్శిగారు చెప్తాండారు,” అన్నాడతను, ఆమె దిగుతుంటే. “అదే గాలివానకి గూడూరు దగ్గర మగపిల్లల శరణాలయం ఏకంగా మూతేసినారంట. పిల్లకాయలు తలా ఒక దిక్కు పోయినారంట. మనది నిలబడింది గదా, అంతవరకూ మేలే.”

“నిలబడింది,” అంది వెంకటశేషమ్మ, ఆ ఒక్క మాట పట్టుకుని.

సరుగుడుతోపు దాటితే పాలెం. ఎండేసిన నెత్తళ్ళ చేపల వాసన మనిషికన్నా ముందే ఎదురొచ్చింది. ఆమె కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చెప్పుల్లో నిండే ఇసుకను దులుపుకుంటూ, గుడిసెల వైపు కాకుండా ముందు సముద్రం వైపే పోయింది. బోర్లించిన పడవ ఒకటుంది. దాని నీడలో, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని చెంగమ్మ.

ఆశ్రమానికి ఎవరొచ్చినా వెంకటశేషమ్మ ముందుగా చూపించేది ఈ పిల్లనే. “చూడండి, మా చెంగమ్మ. మూడేళ్ళలో ఒక్క పేచీ లేదు. పెట్టింది తింటుంది, చెప్పినచోట పడుకుంటుంది.” వచ్చినవాళ్ళు ఆ తల నిమిరి, చందా రాసి పోయేవాళ్ళు. ఇప్పుడు ఆ తలకు నూనె లేదు. పెదవులు ఎండిపోయున్నాయి.

“చెంగమ్మా!”

పిల్ల చటుక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడింది, ఆశ్రమంలో నిలబడినట్టే. అంతలో ఏదో గుర్తొచ్చినదానిలా మళ్ళీ చతికిలబడింది. తన ఎదుట ఒక పిల్ల తనంతట తాను కూర్చోవడం వెంకటశేషమ్మ ఇంతవరకూ చూసి ఎరగదు.

“అన్నం తిన్నావా?”

“తినలా.”

“ఎప్పట్నుంచి?”

“నిన్న మజ్జాన్నం కాడ్నించి.”

వెంకటశేషమ్మ వంగి ఆ చెయ్యి పట్టుకుని తిప్పింది. అరచేతికి అడ్డంగా ఎర్రటి వాత. రెండో చేతికీ అంతే.

“ఇదేమిటి?”

“తాడు.”

ఇక వినాల్సింది ఏమీ లేదనిపించింది ఆమెకి. ఆకలి, వాతలు, ఎండలో ఒంటరిగా పిల్ల. ఎవరైనా ఏమనుకుంటారు? నిజం చెప్పాలంటే, మనసులో ఏదో మూల కాస్త ఊరట కూడా కలిగింది. ‘చూశారా, ఇళ్ళు ఇళ్ళంటారు’ అనుకునే వాళ్ళకి దొరికే ఊరట అది. కొంగు బిగించి గుడిసెల వైపు నడిచింది.

* * *

“పెంచలమ్మా! బయటికి రా!”

పెంచలమ్మ వంగి బయటికొచ్చి, నిటారుగా నిలబడేసరికి గుడిసె చూరు కన్నా ఎత్తుంది. అలల హోరు మీద అరిచి అరిచి గట్టిపడిన గొంతు.

“వచ్చినారా పెద్దమ్మగారూ! రాండి, రాండి. సమయానికొచ్చినారు. మీరన్నా చెప్పండి దానికి.”

“చెప్పడానికి రాలేదు, తీసుకుపోవడానికొచ్చా. పసిపిల్ల చేత వల తాడు లాగిస్తావా? అన్నం పెట్టకుండా ఎండలో కూర్చోబెడతావా? బిడ్డ లేదు బిడ్డ లేదని ఆమినాబీ కాళ్ళు పట్టుకుని తెచ్చుకున్నది ఇందుకా?”

పక్క గుడిసెలో వల అల్లుతున్న వాళ్ళు చేతులాపి చూస్తున్నారు.

“అన్నం పెట్టలేదా?” అంది పెంచలమ్మ. “నేనా?”

లోపలికి పోయింది. ఒక దబర తెచ్చి వెంకటశేషమ్మ కాళ్ళ దగ్గర ధడాలున పెట్టింది. “ఇదేంది? నెత్తళ్ళ వేపుడు. రేత్రి చేసినా. వొద్దనింది.” మళ్ళీ లోపలికి పోయి సట్టి తెచ్చింది. “ఇదేంది? చందువా పులుసు. పొద్దున చేసినా. మామిడికాయేసి మరీ చేసినా. మొకం తిప్పుకునింది.” మూడోసారి తెచ్చింది చిన్న గిన్నె. “ఇది చూడండి. కోడిగుడ్డు. పక్కింటి ఆదిశేషమ్మక్క కోడి పెట్టిందాకా ఆమె వాకిట్లోనే కూచోని తెచ్చినా. దానికీ తిప్పుకునింది! నాకు కడుపు మండి వీపు మీద ఒకటిచ్చినా. ఇచ్చి నేనే ఏడ్చుకుంటా ఉండా. ఇప్పుడు మా ఆయన వల పని ఇడిసిపెట్టి మైపాడు అంగళ్ళకి పోయుండాడు, మహారాణికి బెల్లం మిఠాయి తెచ్చేదానికి. అన్నం పెట్టలేదంట, అన్నం!”

వెంకటశేషమ్మ ఆ మూడు గిన్నెల వంక చూసింది. “మరెందుకు తినదు?”

“అలిగింది.”

“అలిగిందా? చెంగమ్మా?”

“ఆ. మీ ఆశ్రమంలోనే నేర్చుకునిందేమో అనుకున్నా.”

“మా దగ్గర ఎవరూ అలగరు.” ఎప్పుడూ అనే మాటే. ఎప్పుడూ గర్వంగానే అనే మాట. ఈ వాకిట్లో దాని చప్పుడు వేరుగా ఉంది.

పెంచలమ్మకి కోపం పోయి నిజంగానే ఆశ్చర్యమేసింది. “ఎవురూ అలగరా? అంతమంది ఆడబిడ్డలుండి? ఎట్టా?”

“గంట కొడతాం. గంటకి రావాలి. రాకపోతే మళ్ళీ గంటదాకా అన్నం లేదు.”

“అంతేనా? మరి బతిమాలేదెవురు?”

బతిమాలడానికి అక్కడ ఎవరున్నారు, అనుకుంది వెంకటశేషమ్మ. వంటామె చిన్నపిల్లలకి తినిపించేసరికే అలిసిపోతుంది. ఆమినాబీ సాయంత్రానికి ఇంటికి పోతుంది. తనేమో గంట కొట్టే మనిషి. అలగడానికి ఒకరు చాలరు, ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి లేకపోబట్టి అంత పొందిగ్గా ఉండేది చెంగమ్మ. మూడేళ్ళుగా దాన్నే మంచితనమని వచ్చినవాళ్ళందరికీ చూపించింది తను.

ఆమెకు తన చిన్నతనం గుర్తొచ్చింది. పట్టు పరికిణీ కుట్టించలేదని ఒకసారి ధాన్యం గాదె వెనక చేరి, వాళ్ళమ్మ వెతుక్కుంటూ వచ్చేదాకా బయటికి రాలేదు. అమ్మ వస్తుందని ఎంత నమ్మకం! పదహారేళ్ళకి పెళ్ళయింది, పద్దెనిమిదికి బొట్టు చెరిగింది. ఆ తర్వాత ఎవరి మీద అలిగిందని?

“మరి ఆ చేతుల సంగతేమిటి?” అంది. గొంతులో పట్టు తగ్గిపోయింది, అయినా అడగాల్సింది అడగాలి. “వాతలు తేలేట్టు తాడు లాగిస్తారా పిల్లల చేత?”

దానికి జవాబు వెనకనుంచి వచ్చింది. “లాగించేదెవురు? వచ్చిన కొత్తల్లో లాగనియ్యలేదని పోట్లాడింది గదా మీ బిడ్డ!”

చేతిలో తోకపట్టుకుని ఒక వంజరం చేపను వేలాడేసుకుంటూ వచ్చాడు ముసలి గంగులయ్య. వల ఒడ్డుకొచ్చాక చేపల వాటాలు, వాళ్ళ మాటలో పాళ్ళు, పంచే మనిషి ఆయనే. తెచ్చింది చేపే అయినా మొహం మాత్రం రాజీకొచ్చిన మనిషిది. “ఏం పెంచలా, అలక దిగిందా? దీన్నన్నా చూపించు. నావల్లే గదా వచ్చింది ఈ రభసంతా.”

“నువ్వే చెప్పు మామా ఈయమ్మకి. నేను చెప్తే ఏడుపొస్తాది.”

గంగులయ్య ఇసుకలో గొంతుక్కూర్చుని చెప్పాడు. పెద్దవలను పడవలో తీసుకుపోయి సముద్రంలో చుట్టు వేస్తారు. రెండు కొసల తాళ్ళు ఒడ్డుకి తెచ్చి ఊరంతా చేరి లాగుతుంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ చేపల్లో పాలుంటుంది. పిల్లకాయలు తాడు తోక పట్టుకుని వెనకాల చుట్టచుడుతూ ఉంటారు. వాళ్ళకీ గుప్పెడు చిన్నచేపలు విడిగా కుప్ప పోస్తారు. దాన్ని పిల్లపాలంటారు. కానీ బయట పిల్లలెవరూ తాడు ముట్టుకోకూడదు. ఈ ఊరి ఇల్లేదో ఒకటి నలుగురిలో నిలబడి ‘మా బిడ్డ’ అనాలి. అప్పుడే.

“వచ్చిన కొత్తల్లో దూరంగా కూచోని చూస్తా ఉండేది. ఒకనాడు ఉరుక్కుంటా వచ్చి తాడు పట్టుకునింది. పిల్లకాయలు తోసేసినారు. అప్పుడు ఈ పెంచల మొగుడు చిన్నపోలయ్య, వాడసలు నోరు తెరిస్తే వాన పడుతుంది, అట్టాంటోడు అందరి ముందరా వచ్చి ‘మా బిడ్డే, పట్టుకోనీండి’ అన్నాడు. సరే, ఆనాడు పాళ్ళు పెట్టినా. ‘చిన్నపోలయ్య ఇంటి చెంగీ!’ అని కేకేసినా. ఇది ఎనక్కి తిరిగి చూసింది, ఎవుర్నో పిలస్తాండానని. మళ్ళా కేకేసినా. మళ్ళా తిరిగి చూసింది. నువ్వేనే పిచ్చిమొకమా అంటే అప్పుడొచ్చింది. రెండు చేతులూ పట్టింది, ప్రసాదానికి పట్టినట్టు.”

పెంచలమ్మ ఆ మాటకి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“మరి నిన్నేమైంది?”

“నిన్న రెండు పాళ్ళడిగింది. తాడు మీద ఒక చెయ్యుంటే ఒక పాలు. రెండో చెయ్యి ఎవురిదే అంటే చెప్పదు. ‘ఒక పాలు ఎత్తిపెట్టు తాతా’ అంటాది, అంతే. ఊర్లో అందరికీ ఒకటే లెక్క తల్లీ, నీకెట్టా రెండిచ్చేది అన్నా. తన పాలు నా కాళ్ళ మీద గుమ్మరించి, పైన ఇసక జల్లింది. నా మీద! ఊరిపెద్ద, పెద్దకాపే ఎప్పుడూ నా మీద ఇసక జల్లలా!” గంగులయ్య గొంతులో ఫిర్యాదు ఎంతుందో మురిపెం కూడా అంతే ఉంది.

ఇసుక జల్లిందట. చెంగమ్మ. వెంకటశేషమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికో మరెందుకో, ఆమెకే తెలియలేదు.

* * *

చిన్నపోలయ్య వచ్చాడు. నల్లగా, సన్నగా, చెమటలు కక్కుతూ, చేతిలో కాగితం పొట్లం. వెంకటశేషమ్మను చూసి తలగుడ్డ తీశాడు గానీ ఆగలేదు. ముందు జరగాల్సిన పని వేరే ఉంది కదా. తిన్నగా పడవ దగ్గరికి పోయి, పిల్లకి కాస్త ఎడంగా, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. పొట్లం విప్పాడు. చిన్న ముక్క విరిచి తన నోట్లోనే వేసుకున్నాడు.

ఆడవాళ్ళిద్దరూ, గంగులయ్యా, గుడిసె దగ్గర నుంచే చూస్తున్నారు.

“పుల్లగుండాదే,” అన్నాడు చిన్నపోలయ్య సముద్రంతో.

తర్వాత పడవ నీడలోంచి చిన్న గొంతు: “బెల్లం మిఠాయి పుల్లగెట్టుంటది?”

“నాకేం తెలుసు. అంగడాయన మోసం చేసినాడేమో.”

“ఎంతిచ్చినావు?”

“అడగబాకు. మీ అమ్మకి తెలిస్తే ఇద్దర్నీ సముద్రంలో కలిపేస్తాది.”

చెంగమ్మకి నవ్వొచ్చేసింది. అలిగున్నట్టు గుర్తొచ్చి, చటాలున మొహం అటు తిప్పుకుంది. చిన్నపోలయ్య మాత్రం చూడనట్టే ఇంకో ముక్క విరిచి, ఇసుక మీద కాగితం పరిచి, ఆ కాగితాన్ని బెత్తెడు బెత్తెడు పిల్ల వైపు జరుపుతున్నాడు. లోకంలో ఇంకే పనీ లేనివాడిలా.

వెంకటశేషమ్మ అలాగే నిలబడిపోయింది. కప్పు వేయించింది, గోడలు లేపింది, బియ్యం అడిగి తెచ్చింది, దొంగచూపుల మగాళ్ళని గేటు దాటనివ్వలేదు. అవన్నీ చెయ్యగలిగింది. ఇది మాత్రం చెయ్యలేకపోయింది. అంతమంది పిల్లలకి ఒక్కతి ఎలా చేస్తుంది? ఇది ఒక ఇంటి పని. ఒక పిల్ల కోసం ఒక మనిషి ఒక పూట పని మానుకుని చేసే పని.

పక్కనుంచి పెంచలమ్మ నెమ్మదిగా మాట్లాడింది. ఇందాకటి గొంతు కాదు.

“పెద్దమ్మగారూ. మీరు పెద్దోళ్ళు, మీ బిడ్డ. తీసకపోతానంటే నేనేం చేసేది. రెండుమార్లు తిప్పి పంపినా, మూడోమారు మీరే వచ్చినారు. కాకుంటే దానికొక అలవాటుండాది, చెప్తా, మరిచిపోబాకండి. నిద్రపొయ్యేముందు నా చెయ్యి లాక్కోని తన చెవి మీద పెట్టుకుంటది. చెవి పట్టుకోమంటది. నేను నిద్దట్లో చెయ్యి తీసేస్తే లేచి కూచుంటది. మీకాడ ఆ పని ఎవురు చేస్తారో, వాళ్ళకి నేనొక మాట చెప్పుకుంటా…”

ఆ పని చేసేవాళ్ళెవరూ లేరు. అసలు ఆ అలవాటుందనే వెంకటశేషమ్మకి తెలియదు. మూడేళ్ళు పక్కగదిలో పడుకున్న పిల్ల. ఆర్నెల్లలో ఈ మనిషికి తెలిసింది.

“నేను తీసుకుపోవడం లేదు,” అంది.

“ఆ?”

“చెంగమ్మ ఇక్కడే ఉంటుంది. సాయంత్రం మీటింగులో చెప్తాను. ఆశ్రమం కన్నా ఈ ఇల్లు మేలని నా నోటితో చెప్పమన్నాడు గదా పద్మనాభయ్య, చెప్తాను. దీనికొక్కదానికే కాదు. మనుబోలు నుంచి, కోటమిట్ట నుంచి లాక్కొచ్చిన వాళ్ళందరికీ చెప్తాను. ఇల్లు దొరికిన పిల్ల ఇంట్లోనే ఉండాలి. ఆశ్రమం ఇల్లు దొరికేదాకానే. అప్పుడప్పుడూ వచ్చి చూసిపోతాను, తేడా ఉంటే మాత్రం ఊరుకోను, ఇప్పుడే చెప్తున్నా.”

పెంచలమ్మ దండం పెట్టలేదు, కాళ్ళ మీద పడలేదు. ఆ మూడు గిన్నెల వైపు చూసి, “అయితే మీరన్నా తింటారా?” అంది. “అంతా పాడైపోతాది.”

* * *

చందువా పులుసన్నం నాలుగు ముద్దలు తిన్నాక వెంకటశేషమ్మ పడవ దగ్గరికొచ్చింది. చిన్నపోలయ్య లేచి పక్కకి తప్పుకున్నాడు. మిఠాయి సగం అయిపోయింది, ఎవరు తిన్నారో తెలియదు. ఆమె ఒక్క క్షణం తటపటాయించి, చీర మడత సర్దుకుని, ఇసుకలో పిల్ల పక్కన కూర్చుంది. సైదావలి దూరం నుంచి చూసుంటే మళ్ళీ అన్నం మానేసేవాడు.

“నువ్వు మీ అమ్మా నాయనల దగ్గరే ఉంటావు చెంగమ్మా. నేను నిన్ను తీసుకుపోను.”

ఎగిరి గంతేస్తుందనుకుంది. పిల్ల ఆమె వంక చూసింది, అంతే. “మరి రెండో పాలు?”

“ఎవరికే అది? ఆ తాత అడిగితే చెప్పలేదంట.”

“అందరి ముందరా అడిగినాడు.”

“ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నా గదా.”

చెంగమ్మ వేలితో ఇసుకలో ఒక గుంట తవ్వింది. దాని పక్కన ఇంకో చిన్న గుంట తవ్వింది. “మా బుడ్డోడికి.”

“ఏ బుడ్డోడు?”

“మా తమ్ముడు. ఈడకి తెస్తే వాడు గూడా తాడు పట్టుకుంటాడు గదా. నాయన వాణ్ణి గూడా ‘మా బిడ్డ’ అంటాడు. వాడొచ్చిందాకా వాడి పాలు ఎత్తిపెట్టమన్నా.”

వెంకటశేషమ్మ పిల్ల వైపు పూర్తిగా తిరిగింది. “నీకు తమ్ముడున్నాడా? నువ్వొక్కదానివే అన్నారే పోలీసులు!”

“తిరునాళ్ళలో అమ్మకి వాంతులయి సత్రంలో పడిపోయింది, మళ్ళా లేవలా. పోలీసాయన నన్ను ఎత్తుకోని బండెక్కించినాడు. బుడ్డోడు సోడా అంగడామె చంకలో ఉన్నాడు. ఏడుస్తాండాడు. వీణ్ణి రేపు తెస్తాలే అనిందామె.”

“మరి నాకెందుకు చెప్పలేదు? మూడేళ్ళలో ఒక్కసారైనా!”

“వచ్చిననాడే చెప్దామనుకున్నా,” అంది చెంగమ్మ. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. “గంట కొట్టినారు.”

అలలు వచ్చిపోతున్నాయి.

“వాడు మంచోడు పెద్దమ్మగారూ. ఎక్కువ తినడు. నా చెవి పట్టుకోందే నిద్రపోడు, అంతే. ఈ చెవి,” అంటూ తన ఎడమచెవి చూపించింది.

వెంకటశేషమ్మ చెయ్యి అప్పటికే తన ఎడమచెవి మీద ఉంది.

చెంగమ్మ వచ్చిన ఏడాదే. వాన పడుతుండగా కానిస్టేబులు గేటు దగ్గర దించిపోయిన మగపిల్లాడు. రెండేళ్ళుంటాయేమో. పేరడిగితే ఏడుపు. ఆడపిల్లల ఆశ్రమంలో మగపిల్లాణ్ణి ఉంచకూడదని రూలు, ఒక్క రాత్రికే ఉంచమన్నారు. ఎక్కడ పడుకోబెట్టాలో తెలియక తన మంచం మీదే పడుకోబెట్టుకుంది. వాడు చీకట్లో తడుముకుని, తడుముకుని, తన చెవి దొరికేసరికి గట్టిగా పట్టుకుని నిద్రపోయాడు. మెడ నొప్పి పుట్టినా కదల్లేదు తను. పొద్దున్నే శరణాలయం మనిషి వచ్చాడు. ఆ వేళ్ళను ఒక్కొక్కటీ విడదీసింది తనే. గోడకి అవతల, ఆడపిల్లల వరసలో, చెంగమ్మ నిద్రపోతూ ఉండాలి అప్పుడు. ఒక్క గోడ.

శరణాలయం. గూడూరు దగ్గరిది. గాలివానకి మూతేశారని, పిల్లలు తలా ఒక దిక్కు పోయారని సైదావలి ఇందాక చెప్పిందే.

ఆమె లేచి నిలబడింది. చెప్పులు పడవ దగ్గరే ఉండిపోయాయి. సరుగుడుతోపు దాకా ఎలా నడిచిందో తెలియదు. సైదావలి జీపు తిప్పి పెట్టుకున్నాడు.

“పాప రాలా?” అన్నాడు, మొహం వెలిగిపోతుంటే. “అయితే నెల్లూరుకేనా? మీటింగుకి టయానికి పోతాం.”

“ఆ పిల్లాణ్ణి శరణాలయానికి తీసుకుపోయిన మనిషి తనది దొరవారిసత్రం అన్నాడు,” అంది వెంకటశేషమ్మ. అతనికేమీ అర్థం కాలేదు. “శరణాలయం లేకపోయినా ఆ మనిషుంటాడు. దొరవారిసత్రం పోదాం.”

“పెద్దమ్మగారూ! అంత దూరం పోయొస్తే మీటింగు? ఎల్లుండి మంత్రిగారు? కార్యదర్శిగారు నన్ను…”

“పద్మనాభయ్యకి నేను ఒక మాట చెప్పాలనుకున్నా. ఇప్పుడు రెండయ్యాయి. రెండోది, ఆ పిల్లాడు, చేతిలో లేకుండా మొదటిది చెప్పలేను. జీపు తియ్యి.”

ఇంజను అందుకుంది. అప్పుడు వినిపించింది వెనకనుంచి. పెంచలమ్మ కేక, దానికన్నా ముందు ఇసుకలో పరిగెత్తుకొస్తున్న చిన్న కాళ్ళు. చెంగమ్మ రెండు చెప్పులూ గుండెకి హత్తుకుని వచ్చి జీపు పక్కన ఆగింది, రొప్పుతూ. చెప్పులు అందించింది. కానీ వదిలిపెట్టలేదు. ఒక కొస పట్టుకునే, ఆమె మొహంలోకి, ఆమె చెవి వైపు, మళ్ళీ మొహంలోకి చూసింది. పిల్లలకి ఎవరూ చెప్పక్కర్లేదు కొన్ని.

“పెద్దమ్మా,” అంది. ‘గారు’ లేదు. “వాడు మీకాడికి వచ్చినాడా?”

“వచ్చాడు. ఒక్క రాత్రి.”

“ఆ తర్వాత వాడికి చెవి ఎవురిచ్చినారు?”

సైదావలి ఇంజను ఆపేశాడు. వెంకటశేషమ్మ జీపులో కాస్త పక్కకి జరిగి, పిల్లకి చోటిచ్చింది.

* * *

వాళ్ళు దొరవారిసత్రం చేరేలోగా మీకొక పని చెప్తాను. మీ ఇంట్లోనో, మీ పక్కింట్లోనో, ఎక్కడినుంచో వచ్చి మీ కంచాల మధ్య తన కంచం పెట్టుకుని, కొన్నాళ్ళకి ఒకరోజు దర్జాగా అలిగిన పిల్లో పిల్లాడో ఉండే ఉంటారు. వాళ్ళ సంగతి నాకు రాయండి. ఏం వండి పెడితే దిగారో, ఎవరు బతిమాలితే దిగారో, అది మాత్రం ఒదిలిపెట్టకుండా రాయండి.